మూడవ నెల సాక్ష్యం

ఆదివారం ఆరాధనకు ముందు ప్రార్థన విన్నపాల చీటీలు నా చేతికి వస్తాయి. సంఘకాపరిగా పద్దెనిమిది సంవత్సరాల నుండి ఆ చీటీలు చదువుతున్నాను. అప్పుల సంగతి వ్రాస్తారు. త్రాగుడు మానని భర్తల సంగతి వ్రాస్తారు. పొలం గట్టు తగాదాలు, పరీక్ష తప్పిన పిల్లలు, సంతానం లేని బాధ, అన్నీ వ్రాస్తారు. కాని టి.బి. అనే రెండక్షరాలు వ్రాసిన చీటీ ఒక్కటి కూడా నేను ఇంతవరకు చూడలేదు. "నెమ్ము చేసింది" అని వ్రాస్తారు. "బాగా నీరసంగా ఉంటున్నాడు, ప్రార్థించండి" అని వ్రాస్తారు. ప్రపంచంలో ఉన్న క్షయ రోగులలో దాదాపు నాలుగవ వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. మా సంఘం కూడా ఈ దేశంలోనే ఉంది గదా!

ఈ వ్యాధిని గురించి ఒక డాక్టరుగారు వ్రాస్తే ఇంకా చక్కగా ఉండేది. నేను వేదాంతంలో డిప్లొమా చదివినవాడినే గాని వైద్యం చదివినవాడిని కాను. అయితే రోగులను వెంటబెట్టుకొని ప్రభుత్వ ఆసుపత్రి వరండాలలో కూర్చున్న పూటలు చాలా ఉన్నాయి. అక్కడ డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, తరువాత చదివి సరిచూసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను. మా సంఘంలోని ఇద్దరి సంగతి కూడా చెబుతాను. వ్రాయమని ఇద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు మాత్రం వద్దన్నారు.

మొదట ఒక అడ్డంకి తొలగించుకోవాలి. మన తెలుగు బైబిలులో లేవీయకాండం 26వ అధ్యాయంలోను, ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోను శాపాల వరుసలో క్షయరోగం అనే మాట ఉంది. ఆ రెండు చోట్లను చూపించి "అయ్యగారూ, ఇది శాపం వలన వచ్చే రోగమేనా?" అని నన్ను అడిగినవారున్నారు. నాకు వచ్చిన హెబ్రీ కొద్దిపాటిదే. అయినా అక్కడి మూలపదానికి మనిషిని క్షీణింపజేసే జబ్బు అని అర్థమనేంత వరకు తెలుసు. అది ఒక జాతి అంతటికీ నిబంధన విషయంలో చెప్పిన హెచ్చరిక. ఫలానా వీధిలో ఫలానా మనిషి దగ్గుతున్నాడు గనుక అతడు పాపం చేశాడని చెప్పే అధికారం ఆ వచనాలు మనకు ఇవ్వవు. పుట్టుగ్రుడ్డివాని విషయంలో శిష్యులు సరిగ్గా ఇదే ప్రశ్న వేశారు. ఇతడా పాపం చేసింది, ఇతని కన్నవారా అన్నారు. ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేశాడు. యోహాను సువార్త 9వ అధ్యాయం తీసి చూడండి.

శాపం కాదు సరే, మరి దేనివలన వస్తుంది? ఒక సూక్ష్మక్రిమి వలన వస్తుంది. జర్మనీ దేశపు వైద్యుడు రాబర్ట్ కోఖ్ 1882 మార్చి 24న బెర్లిను నగరంలో, ఈ వ్యాధికి కారణమైన క్రిమిని కనుగొన్నానని ప్రకటించాడు. ఆ తేదీనే ఇప్పుడు ప్రపంచ క్షయ దినంగా పాటిస్తున్నారు. అంతకుముందు మనవాళ్ళే కాదు, ఐరోపాలో కూడా చాలామంది దీనిని వంశంలో దిగే రోగం అనుకునేవారు. తండ్రికి వచ్చి, కొడుక్కు వచ్చి, కోడలికి వస్తే అలాగే అనిపిస్తుంది. నిజానికి ఒకే కప్పు క్రింద, గాలి ఆడని గదిలో, ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుంటూ ఉన్నందున వచ్చింది. కోడలు ఆ వంశంలో పుట్టలేదు గదా!

ఊపిరితిత్తుల్లో క్షయ ఉన్నవారు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బిగ్గరగా పాడినప్పుడు కూడా కంటికి కనబడని తుంపరలు గాలిలోకి వస్తాయి. అవి మూసిన గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. ఎండ, ధారాళమైన గాలి ఈ క్రిమికి శత్రువులు. కంచం వలన, గ్లాసు వలన, దుప్పటి వలన, చేయి కలిపినందు వలన ఇది రాదు. మన ఇళ్ళల్లో రోగికి కంచం వేరు చేస్తారు, కాని రాత్రి చలి అని కిటికీలు మూసి అందరూ ఒకే గదిలో పడుకుంటారు. అవసరం లేని చోట జాగ్రత్త, అవసరమైన చోట అజాగ్రత్త.

క్రిమి లోపలికి వెళ్ళిన ప్రతివారికి వ్యాధి రాదు. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగవ వంతు మందిలోకి ఈ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు చేరిందని అంచనా. వారిలో నూటికి అయిదు నుండి పది మందికి మాత్రమే జీవితకాలంలో వ్యాధి పైకి వస్తుంది. మిగిలినవారిలో శరీరం దానిని గోడ కట్టి బంధిస్తుంది. ఆ గోడ ఎప్పుడు బలహీనపడుతుంది? కడుపునిండా తిండి లేనప్పుడు. షుగరు అదుపులో లేనప్పుడు. హెచ్.ఐ.వి. ఉన్నప్పుడు. బీడీ, సిగరెట్టు, సారా అలవాటైనప్పుడు. రాతి గనుల్లో, పలకల పనిలో రాతిపొడి పీల్చి ఊపిరితిత్తులు చెడినప్పుడు. ఈ వరుసలో మన దేశంలో ఎక్కువ మందిని పడవేసేది మొదటిదే, తిండి లేకపోవడం. దీనిని గురించి చివర్లో మళ్ళీ వ్రాస్తాను.

ఇక మొదటి మనిషి సంగతి. మా సంఘంలో ఒక యౌవన సహోదరి. డిగ్రీ చదివింది. 2022లో ఆమెకు పెండ్లి నిశ్చయమైంది. ఆ సమయానికి నెల రోజులుగా దగ్గుతూ ఉంది. ఊరిలో సూది వేసే డాక్టరు దగ్గర దగ్గు టానిక్కులు రెండు సీసాలు అయిపోయాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. రాత్రి చెమటకు దిండు తడిసేది. పెండ్లి జాకెట్లకు కొలతలు ఇస్తే నెల తిరగకముందే వదులయ్యాయి. తల్లి దానికి "పెళ్ళి బెంగ" అని పేరు పెట్టింది. చీటీలో మామూలుగానే నెమ్ము అని వ్రాసింది.

ఆరాధన అయిన తరువాత నేను తల్లిని ఆపి, "అమ్మా, ఎన్నాళ్ళ నుండి దగ్గు?" అని అడిగాను. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, తెమడ పరీక్ష చేయించవలసిందే. సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, తెమడలో రక్తపు జీర, వీటిలో ఏది తోడైనా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. ఈ మాటలు చెబుతుంటే ఆ తల్లి చుట్టూ చూసి, "నెమ్మదిగా అయ్యగారూ, వింటారు" అన్నది. మందిరంలో అప్పటికి చాపలు చుట్టే పిల్లలు తప్ప ఎవరూ లేరు.

మరునాడు నా భార్య ఆ అమ్మాయిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళింది. రెండు డబ్బీలు ఇచ్చారు. ఒకటి అప్పటికప్పుడు, ఒకటి మరునాడు తెల్లవారి లేవగానే. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. నోటిలోని ఉమ్మి వేసి ఇస్తారు. అది పనికిరాదు. నోరు పుక్కిలించి, గాఢంగా రెండు మూడుసార్లు ఊపిరి తీసి, లోపలి నుండి దగ్గి తెచ్చిన తెమడ కావాలి. ఆరుబయట నిలబడి దగ్గాలి, గదిలో కాదు.

పూర్వం తెమడను గాజుపలక మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూసేవారు. ఇప్పటికీ చూస్తారు. అయితే క్రిములు తక్కువగా ఉంటే ఆ చూపుకు అందవు. ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ అనే యంత్రాలు వచ్చాయి. ఇవి క్రిమి యొక్క జన్యుపదార్థాన్ని పట్టుకుంటాయి. సీబీనాట్ రెండు గంటల్లో జవాబు చెబుతుంది. క్రిమి ఉన్నదా లేదా అనేదే గాక, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. ఈ రెండవ జవాబు ఎంత విలువైనదో రెండవ మనిషి సంగతిలో తెలుస్తుంది. ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు. టి.బి. అని తేలిన ప్రతివారికి షుగరు, హెచ్.ఐ.వి. పరీక్షలు కూడా చేస్తారు. హెచ్.ఐ.వి. పరీక్ష అనగానే కోపగించుకోనక్కర లేదు, అది అందరికీ చేసేదే.

అన్నట్టు క్షయ ఊపిరితిత్తులకే వస్తుందనుకోకండి. మెడ దగ్గర గడ్డలుగా వస్తుంది. మన పెద్దలు గండమాల అన్నదానిలో చాలా భాగం ఇదే. వెన్నెముకకు, ప్రేగులకు, మెదడు పొరలకు కూడా వస్తుంది. అటువంటి చోట్ల సూదితో కొంచెం తీసి పరీక్ష చేస్తారు. ఊపిరితిత్తులకు గాక అక్కడ మాత్రమే ఉంటే అది ఇతరులకు అంటదు. పుట్టగానే పిల్లలకు వేసే బి.సి.జి. టీకా మెదడు క్షయ వంటి ఘోరమైన వాటి నుండి పసివారిని చాలావరకు కాపాడుతుంది. పెద్దవారికి ఊపిరితిత్తుల క్షయ రాకుండా ఆపే శక్తి మాత్రం దానికి అంతగా లేదు.

ఆ అమ్మాయికి ఉన్నదని తేలింది. మందుకు లొంగే రకమే. వైద్యం మొదలైంది. కాని ఇంట్లో ఏడ్పులు మొదలైనది వ్యాధిని గురించి కాదు, పెండ్లిని గురించి. వరుని వారికి చెప్పవద్దని తల్లి, చెప్పాలని కూతురు. నన్ను అడిగారు. చెప్పకుండా జరిగే పెండ్లికి నేను ఆశీర్వాదం పలకలేనని, చెబితే మీతో కూడ నేనూ వస్తానని అన్నాను. వెళ్ళాము. వరుని తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు లోపలి నుండి ఆ ఇంటి మామ్మగారు కర్ర పట్టుకొని వచ్చి కూర్చున్నారు. "మీ తాతకి రాలేదట్రా? ఆరోగ్యవరంలో ఏడాది పైన ఉండి వచ్చాడు. తర్వాత నిన్నూ, నీ తమ్ముళ్ళనూ కన్నాం" అన్నారు. కొడుకుకు అరవై ఏళ్ళు. ఆ మాట ఆయనకు ఆరోజే తెలిసింది!

ఆరోగ్యవరం పేరు మన సంఘాలలో పెద్దవారికి తెలుసు. మదనపల్లె దగ్గర, కొండల మధ్య, పలు మిషను సంఘాలు కలిసి 1910 దశకంలో స్థాపించిన క్షయ శానటోరియం అది. డెన్మార్కు నుండి వచ్చిన మిషనరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి పునాది వేశారు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, పాలు, గ్రుడ్లు, ఇంతే. కొందరికి ఛాతీలోకి గాలి ఎక్కించి ఊపిరితిత్తిని ముడుచుకునేటట్లు చేసేవారు. కొందరికి ప్రక్కటెముకలు కోసి తీసేవారు. భర్తను అక్కడ దింపి వచ్చిన భార్య ఇక తిరిగి చూస్తానో లేదో అని వెనక్కు చూస్తూ వచ్చేది. స్ట్రెప్టోమైసిన్ 1943లోను, ఐసోనియాజిడ్ 1952లో వైద్యానికి ఉపయోగంలోను, ఆ తరువాతి దశాబ్దంలో రిఫాంపిసిన్‌ను వచ్చాక ఆ చరిత్ర మారింది. మామ్మగారి భర్త మందు వచ్చిన కాలంలో వెళ్ళినందున బ్రతికారు.

మన ప్రక్కనే మద్రాసులో జరిగిన ఇంకొక పనిని కూడా తప్పక చెప్పాలి. 1956లో అక్కడ ఒక పరిశోధన ప్రారంభించారు. 193 మంది పేద రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును శానటోరియంలో ఉంచి మంచి భోజనంతో మందులిచ్చారు. రెండవ గుంపుకు అవే మందులు ఇచ్చి ఇరుకైన వారి ఇళ్ళల్లోనే ఉంచారు. ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఉన్నవారు కూడా దాదాపు అంతే బాగుపడ్డారు. ఇంట్లో మిగిలినవారికి అందువలన వ్యాధి ఎక్కువగా అంటుకున్నదీ లేదు. 1959లో ఆ ఫలితాలు ప్రచురించబడ్డాయి. ఈనాడు ప్రపంచమంతటా క్షయకు ఇంటి దగ్గరే మందులిస్తున్నారంటే దానికి ఆ మద్రాసు పేదల ఇళ్ళే సాక్ష్యం. రోగిని పశువుల పాకలోకి మార్చే ఆచారం ఇంకా అక్కడక్కడ ఉన్నది గనుక దీనిని ఇంత విపులంగా వ్రాశాను. సరిపడిన మందు మొదలుపెట్టిన తరువాత సాధారణంగా రెండు మూడు వారాల్లోనే అంటించే గుణం చాలా తగ్గిపోతుంది. ఆ వారాలు నోటికి గుడ్డ, తెరచిన కిటికీ, వేరే పడక ఉంటే చాలు.

పెండ్లి ఎనిమిది నెలలు వాయిదా పడింది, జరిగింది. ఎందుకు వాయిదా పడిందని బంధువులు అడిగితే తల్లి ఇప్పటికీ "ముహూర్తాలు కుదరలేదు" అంటుంది. మేము ముహూర్తాలు చూసేవారం కాదని ఆ బంధువులకు తెలియదా? నేను నవ్వి ఊరుకుంటాను.

ఇప్పుడు మందుల సంగతి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసివేసి మిగిలిన మూడు. అన్నీ ఒకే మాత్రలో కలిపి ఉంటాయి. రోగి బరువును బట్టి రెండో, మూడో, నాలుగో ఇస్తారు. ప్రతిరోజూ వేసుకోవాలి. పూర్వం ప్రభుత్వ వైద్యంలో రోజు విడిచి రోజు ఇచ్చేవారు, 2017 తరువాత దేశమంతటా రోజూ వేసుకునే పద్ధతికి మార్చారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇవన్నీ ఉచితం. మందు మొదలుపెట్టిన రోజుల్లో మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. పైన చెప్పిన తల్లి అది రక్తమని భయపడి రాత్రి పదకొండు గంటలకు మా తలుపు కొట్టింది. అది రిఫాంపిసిన్ రంగు, భయపడనక్కర లేదు. భయపడవలసినవి వేరే ఉన్నాయి. కళ్ళు పచ్చబడడం, అన్నం వాసనకే వాంతి రావడం, చూపు మసకబారడం, రంగులు తేడాగా కనబడడం, అరికాళ్ళలో తిమ్మిర్లు. వీటిలో ఏది కనబడినా అదే రోజు డాక్టరుకు చెప్పాలి. మందు తామంతట తాము మానకూడదు. డాక్టరే మార్చి ఇస్తారు.

ఆరు నెలలు ఎందుకు? ఏ జ్వరానికైనా అయిదు రోజులు బిళ్ళలు వేసుకుంటే సరిపోతుంది గదా! ఈ ప్రశ్న నేనూ ఒక డాక్టరుగారిని అడిగాను. మామూలు క్రిములు కొన్ని ఇరవై నిమిషాలకొకసారి రెండింతలు అవుతాయట. క్షయ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఒంటి చుట్టూ మైనం వంటి పొర ఉంటుంది. పెరుగుతున్న క్రిమినే మందు బాగా చంపగలదు. కొన్ని క్రిములు ఏ పనీ చేయక, పెరగక, నిద్రపోతున్నట్లు పడి ఉంటాయి. మొదటి రెండు నెలల్లో మెలకువగా ఉన్నవి చాలావరకు చస్తాయి. దగ్గు పోతుంది, జ్వరం పోతుంది, ఆకలి వేస్తుంది, రెండు మూడు కిలోలు పెరుగుతారు. రోగికి బాగైపోయిందనిపిస్తుంది. నిద్రపోయేవి మాత్రం లోపలే ఉంటాయి. మిగిలిన నాలుగు నెలలు వాటి కోసం.

రెండవ మనిషి సంగతి ఇక్కడే. ఆయన ఆటో నడిపేవాడు. 2014లో క్షయ అని తేలి మందులు మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన మా సంఘస్థుడు కాడు, మా ఊరివాడూ కాదు. మూడవ నెలలో వాళ్ళ ఊరిలో రాత్రి కూటాలు జరిగాయి. ముందుకు పిలిచి స్వస్థత కొరకు ప్రార్థించారు. ఆ సరికి దగ్గు లేదు, మొహం నిండింది. వేదిక మీద మైకు పట్టుకొని, దేవుడు నన్ను బాగుచేశాడని సాక్ష్యం చెప్పాడు. జనులు చప్పట్లు కొట్టారు. ఇంటికి వెళ్ళి మిగిలిన మందుల పెట్టెను కాలువలో వేశాడు. వేయమని ప్రసంగీకుడు చెప్పాడా అని నేను అడిగాను. చెప్పలేదట. "కాని అయ్యగారూ, బాగైందని అంతమందిలో చెప్పి, పొద్దున్నే లేచి బిళ్ళలు మింగితే నన్ను నేనే అబద్ధికుణ్ణి చేసుకున్నట్టు కాదా?" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా కాలం వదలలేదు. ఆ మనిషిలో మోసం లేదు. నిజాయితీ వలననే మందు మానుకున్నాడు.

ఎనిమిది నెలల తరువాత దగ్గు తిరిగి వచ్చింది. ఈసారి తెమడలో రక్తం పడింది. పెద్ద పరీక్షకు పంపితే రిఫాంపిసిన్‌కు లొంగడం లేదని తేలింది. మధ్యలో మానితే జరిగేది ఇదే. అరకొర మందును చూసి బ్రతికిన క్రిములు ఆ మందును ఎదుర్కోవడం నేర్చుకొని పెరుగుతాయి. అటుపైన ఆ మనిషి దగ్గినప్పుడు ఇతరులకు అంటేది కూడా ఆ మొండి రకమే. ఆ దినాలలో దానికి వైద్యం రెండు సంవత్సరాలు. రోజుకు దోసెడు మాత్రలు. మొదటి ఆరు నెలలు రోజూ సూది. ఆ సూది మందు వలన కొందరికి వినికిడి పోయేది, ఆయనకు పోయింది. 2017లో వ్యాధి పూర్తిగా నయమైంది. ఆటో అమ్ముకున్నాడు. వెనుక నుండి హారను కొట్టినా వినబడని మనిషి ఆటో ఎలా నడుపుతాడు? ఇప్పుడు మా ఊరిలో అత్తవారింటి దగ్గర చిల్లర కొట్టు పెట్టుకున్నాడు. మందిరంలో మొదటి వరుసలో కూర్చొని నా పెదవుల వైపు చూస్తూ ఉంటాడు. ఆయనను చూసి నేను ప్రసంగం నిదానంగా చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు మొండి క్షయకు కూడా సూదులు లేని వైద్యం వచ్చింది. ఆరు నెలల్లోనే ముగిసే కొత్త మందుల కలయికకు 2024లో మన దేశంలో అనుమతి లభించింది. ఆ సంగతి ఆయనకు కాగితం మీద వ్రాసి చూపిస్తే చదివి, "మంచిది, పిల్లల చెవులు నిలుస్తాయి" అన్నాడు.

నేను స్వస్థత ప్రార్థనకు విరోధిని కాను. ప్రతి ఆదివారం రోగుల కొరకు ప్రార్థిస్తాను. కాని హిజ్కియా రాజు సంగతి చూడండి. రాజుల రెండవ గ్రంథం 20వ అధ్యాయం. ఆయన ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు ఆలకించి పదిహేను సంవత్సరాల ఆయుస్సు ఇచ్చాడు. ఇక చాలును గదా! అయినా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. జవాబు వచ్చిన తరువాత వేసిన మందు అది. నయమాను ఏడు మునకలు వేయవలసి ఉండగా మూడవ మునకకే ఒడ్డెక్కితే ఏమయ్యేదో మనకు తెలియదు. ఆయన ఒడ్డెక్కలేదు. మా సంఘంలో ఇప్పుడొక పద్ధతి పెట్టుకున్నాము. క్షయ విషయంలో సాక్ష్యం చెప్పదలచినవారు మందులు ముగించి, చివరి పరీక్ష అయిన తరువాత చెప్పాలి. కొందరు పెద్దలు దీనిని మొదట ఒప్పుకోలేదు, స్తుతిని ఆపేవాడివి నీవెవరవు అన్నారు. స్తుతిని ఆపడం లేదు, మైకును ఆరు నెలలు ఆపుతున్నానన్నాను.

సంస్కారపు గిన్నె మాట కూడా వచ్చింది. ఒకరికి క్షయ అని ఎలాగో తెలిసిన తరువాతి నెల ప్రభురాత్రి భోజనంలో నలుగురైదుగురు వెనుకకు తగ్గారు. గిన్నె ద్వారా ఈ వ్యాధి రాదని ఆ ఆదివారమే చెప్పాను. అంతకంటె మన గృహకూటాల సంగతి ఆలోచించండి. పది అడుగుల గది, ముప్పై మంది, ఇరుగుపొరుగుకు ఇబ్బంది అని మూసిన కిటికీలు, రెండు గంటల పాటలు. ఇప్పుడు మా కూటాలు వీలైనంత వరకు వాకిట్లో జరుగుతున్నాయి. వానాకాలంలో కిటికీలు తెరచి, పాట కొంచెం తగ్గించి పాడుతున్నాము.

రోగి ఇంట్లో ఉన్నవారందరినీ కూడా పరీక్ష చేయించాలి. వ్యాధి లేదని తేలితే, రాకుండా ముందుగా వేసుకునే మందు ఇస్తారు. దీనిని చాలామంది వద్దంటారు, లేని రోగానికి మందేమిటని. అయిదు సంవత్సరాలలోపు పిల్లలున్న ఇంట్లో అలా అనకండి.

తిండి సంగతి చివర్లో వ్రాస్తానన్నాను. జార్ఖండ్ రాష్ట్రంలో 2019 నుండి 2022 వరకు ఒక పెద్ద పరిశోధన జరిగింది. 2,800 మంది క్షయ రోగుల ఇళ్ళు, వారి కుటుంబీకులు పదివేల మందికి పైగా. సగం ఇళ్ళల్లో రోగికి మాత్రమే ఆహార దినుసులిచ్చారు. మిగిలిన సగం ఇళ్ళల్లో ఇంటివారికి కూడా నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు ఇచ్చారు. అలా తిన్న ఇళ్ళల్లో మిగిలినవారికి వ్యాధి రావడం సుమారు 39 శాతం తగ్గింది. 2023లో ఆ ఫలితం వెలువడింది. బియ్యం, పప్పు! ప్రభుత్వం కూడా రోగి పోషణ కొరకు 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుండి దానిని 1,000 చేసింది. ఆ డబ్బు రోగి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా లేకనో, ఆధారు కలపకనో అందనివారు ఉంటారు. బ్యాంకుకు వెంట వెళ్ళి ఆ కాగితాలు సరిచేయించగల చదువుకున్న యౌవనస్థులు ప్రతి సంఘంలోను ఉన్నారు.

సంఘాలు, సంస్థలు రోగులకు ఆహారం అందించేందుకు 2022లో నిక్షయ్ మిత్ర అనే ఏర్పాటు కూడా ప్రభుత్వం చేసింది. మా స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యపు కానుకలో నుండి ఇద్దరు రోగుల ఇళ్ళకు నెలనెలా బియ్యం, కందిపప్పు, నూనె, వేరుశనగలు, గ్రుడ్లు పంపుతున్నారు. మొదటి నెల సంఘం పేరు అచ్చువేసిన సంచిలో పంపారు. ఒక ఇంటివారు సామాను తీసుకొని సంచి తిరిగి ఇచ్చేశారు, వీధిలో చూస్తారని. రెండవ నెల నుండి కిరాణా కొట్టు సంచిలో వెళుతున్నది. దానిని తీసుకువెళ్ళి ఇచ్చేది చెవులు వినబడని ఆ చిల్లర కొట్టు సహోదరుడే. ఇచ్చి వెంటనే వచ్చేయడు. మాత్రల అట్ట బయటికి తెమ్మని సైగ చేసి, ఖాళీ గుంటలు లెక్కపెట్టి మరీ వస్తాడు.